నోస్‌ని తీసేసి పైటెస్ట్‌కి మారేటప్పుడు టెస్టులు మాయం కాకుండా చూసుకోవడం

మీరు అడిగింది ఇదీ. బెంగళూరులో ఉంటున్న ముగ్గురు స్నేహితులు కలిసి, బస్సు రూట్లు, స్టాపుల డేటా చదివే ఓ చిన్న పైథాన్ లైబ్రరీని ఓపెన్ సోర్స్‌గా నడుపుతున్నారు. ఆరేడు వందల టెస్టులున్నాయి, అన్నీ నోస్ అనే పాత టెస్ట్ రన్నర్ (పైథాన్ టెస్టులను వెతికి నడిపే టూల్) కాలంలో రాసినవే. వాటి కోసమే సీఐ (ప్రతి మార్పుకీ టెస్టులను తనంతట తానే నడిపే వ్యవస్థ) పైథాన్ 3.9 దగ్గర ఆగిపోయింది. నోస్‌ని తీసేస్తే దాని చోట ఏం పెట్టాలి, ఒకేసారి మార్చాలా, విడతలవారీగా మార్చాలా అన్నది మీ ప్రశ్న. పైగా మీ ముగ్గురిలో ఒకరు "నడుస్తున్నదాన్ని ఎందుకు కెలకడం" అంటున్నారు.

అది నడవడం లేదని ముందు ఆయనకి చూపించండి. నోస్ ఆఖరి రిలీజ్ 1.3.7, 2015 జూన్‌లో వచ్చింది. ఆ తర్వాత ఇంకోటి రాలేదు. మేము మెయింటెనెన్స్ మోడ్‌లో ఉన్నాం, కొత్త ప్రాజెక్టులకి నోస్2 గానీ పైటెస్ట్ గానీ పైథాన్‌తోనే వచ్చే మామూలు యూనిట్‌టెస్ట్ గానీ వాడుకోండి అని దాని డాక్యుమెంటేషన్‌లోనే రాసి పెట్టారు. 2021 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.10లో, కలెక్షన్స్ మాడ్యూల్ నుంచి కాలబుల్ అనే పాత పేరు తీసేశారు. నోస్ ఇంకా ఆ పేరునే పిలుస్తుంది, అందుకే 3.10 మీద ఆట్రిబ్యూట్ ఎర్రర్‌తో పడిపోతుంది. 2023లో వచ్చిన 3.12లో ఇంప్ మాడ్యూల్‌నే ఎత్తేశారు, దాంతో నోస్ ఇంపోర్ట్ కూడా కాదు. ఇక పైథాన్ 3.9కి సపోర్ట్ 2025 అక్టోబరుతో అయిపోయింది. అంటే ఇంకా సపోర్ట్ ఉన్న పైథాన్లలో ఒక్కదాని మీద కూడా మీ టెస్టులు నడవడం లేదు. సీఐలో కనిపించే ఆ పచ్చ టిక్ సపోర్ట్ అయిపోయిన వెర్షన్‌కి వచ్చిన సర్టిఫికెట్. ఈ మాట చెబితే చాలు, వాదన అక్కడితో అయిపోతుంది.

ఏది ఎంచుకోవాలన్నదాని మీద ఎక్కువసేపు కూర్చోవద్దు. పైనోస్ అని ఒక ఫోర్క్ (కోడ్‌ని కాపీ చేసుకుని వేరుగా నడిపే ప్రాజెక్టు) ఉంది, నోస్‌ని కొత్త పైథాన్ల మీద నడిచేలా సరిచేసింది. రేపే రిలీజ్ పెట్టుకుని టెన్షన్‌లో ఉంటే ఆ పూటకి గట్టెక్కిస్తుంది, అంతే. నోస్2 పేరు చూసి అది నోస్‌కి తర్వాతి వెర్షన్ అనుకోవద్దు. అది యూనిట్‌టెస్ట్ మీద వేరుగా కట్టిన ప్రాజెక్టు. నోస్‌లో ఉండే ప్యాకేజీ స్థాయి సెటప్ (ఒక ఫోల్డర్‌లోని టెస్టులన్నిటికీ ముందు ఒకసారి నడిచే కోడ్) అందులో లేదు. కాబట్టి దానికి మారినా టెస్టులు తిరగరాసే శ్రమ తప్పదు. ఎలాగూ శ్రమ పడాల్సిందే అన్నప్పుడు, కొత్తగా వచ్చే కాంట్రిబ్యూటర్లకి ముందే తెలిసిన పైటెస్ట్ కోసం పడడం నయం. సంఖ్యల లెక్కలకి అందరూ వాడే నమ్‌పై అంతటి ప్రాజెక్టే 2018లో 1.15 రిలీజ్‌తో పైటెస్ట్‌కి మారింది.

ఇక్కడే ఒక గీత గీసుకోండి. మీరు తీసేయాల్సింది నోస్‌ని, యూనిట్‌టెస్ట్‌ని కాదు. టెస్ట్‌కేస్ క్లాసు నుంచి వచ్చిన టెస్టులు పైటెస్ట్ కింద ఉన్నవి ఉన్నట్టే నడుస్తాయి. వాటి జోలికి వెళ్ళొద్దు. టెస్టుకి కావాల్సినవి సిద్ధం చేసిపెట్టే ఫంక్షన్లను పైటెస్ట్‌లో ఫిక్స్చర్లు అంటారు. "ఎలాగూ మారుస్తున్నాం కదా, అన్నిటినీ ఫిక్స్చర్లలోకి తెచ్చేద్దాం" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఆ మాట విన్న ప్రాజెక్టుల్లో ఆ బ్రాంచ్ మెర్జ్ కాకుండా నెలల తరబడి మూలుగుతూ ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మార్చేటప్పుడు టెస్టులు విరుగుతాయని అందరూ భయపడతారు. విరిగిన టెస్టు మంచిదే, ఎర్రగా కనిపిస్తుంది, సరిచేస్తాం. భయపడాల్సింది చప్పుడు లేకుండా నడవడం మానేసే టెస్టుల గురించి. నోస్, పైటెస్ట్ టెస్టులను వెతికే పద్ధతులే వేరు. పేరు మొదట్లో గానీ, అండర్‌స్కోర్ తర్వాత గానీ టెస్ట్ అనే మాట ఉంటే నోస్ పట్టుకుంటుంది. పైటెస్ట్ అలా కాదు. మామూలు సెట్టింగుల్లో ఫైలు పేరు టెస్ట్ అండర్‌స్కోర్‌తో మొదలవ్వాలి, లేదా అండర్‌స్కోర్ టెస్ట్‌తో ముగియాలి. ఫంక్షన్ పేరు టెస్ట్‌తోనే మొదలవ్వాలి. మీ రిపోలో టెస్ట్స్ డాట్ పీవై అనే ఫైలు ఉందనుకోండి, నోస్ అందులోకి వెళ్తుంది, పైటెస్ట్ దాని వైపు కూడా చూడదు. రూట్ పార్సర్ టెస్ట్ అని, టెస్ట్ అనే మాట చివర వచ్చేలా పేరు పెట్టిన ఫంక్షన్లదీ అదే గతి. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు.

దీనికి ఎదురు దిక్కులో కూడా ఒకటుంది. ఎగ్జిక్యూటబుల్ పర్మిషన్ ఉన్న ఫైళ్ళను నోస్ మామూలుగా వదిలేస్తుంది, ప్రత్యేకంగా ఆప్షన్ ఇస్తేనే చూస్తుంది. ఎవరో ఎప్పుడో టెస్టు ఫైలుకి సీహెచ్‌మాడ్ (పర్మిషన్ మార్చే కమాండ్) కొట్టి కమిట్ చేసి ఉంటే, అందులోని టెస్టులు ఆనాటి నుంచీ నడిచి ఉండవు. పైటెస్ట్‌కి ఆ పట్టింపు లేదు. మారిన రోజున అవి బయటపడతాయి, చాలావరకు ఫెయిలవుతాయి కూడా. అప్పుడు పైటెస్ట్‌ని తిట్టుకోవద్దు.

అందుకే కోడ్ ముట్టుకోకముందే లెక్క తీసుకోండి. పైథాన్ 3.9 డాకర్ ఇమేజ్‌లో (పాత పైథాన్‌ని విడిగా నడుపుకునే పెట్టె లాంటిది) నోస్‌ని ఎక్స్‌యూనిట్ ఆప్షన్‌తో నడపండి. నిజంగా నడిచిన ప్రతి టెస్టు పేరూ ఒక ఎక్స్ఎంఎల్ ఫైల్లోకి వస్తుంది. ఆ ఫైలు దాచుకోండి. పైటెస్ట్‌కి జేయూనిట్ ఎక్స్ఎంఎల్ ఆప్షన్ ఉంది, అదీ అలాంటి ఫైలే ఇస్తుంది. రెండిట్లోంచీ పేర్లు లాగి, సార్ట్ చేసి, డిఫ్ కొట్టండి, అంటే తేడాలు చూడండి. మొత్తం సంఖ్య సరిపోయిందని సంతోషపడొద్దు. ఒకచోట పది పోయి, ఇంకోచోట పది కలిస్తే కూడా సంఖ్య సరిపోతుంది. పేర్లే చూడాలి. స్కిప్ అయినవి, ఎక్స్‌ఫెయిల్ అయినవి విడిగా పెట్టి చూడాలి.

ఎక్స్‌ఫెయిల్ సంగతి ఎందుకు ఎత్తానంటే, నోస్ కాలపు కోడ్‌లో ఈల్డ్ టెస్టులు తప్పకుండా ఉంటాయి. స్టాపుల జాబితా మీద లూప్ తిప్పుతూ ఒక్కో స్టాపుకి ఒక్కో చెక్ ఈల్డ్ చేసే ఫంక్షన్ నోస్‌లో ఎన్ని స్టాపులుంటే అన్ని టెస్టులు అవుతుంది. ఈ పద్ధతిని పైటెస్ట్ 2018లో, 4.0 రిలీజ్‌తో తీసేసింది. కానీ ఎలా తీసేసింది? అలాంటి ఫంక్షన్ కనిపిస్తే దాన్ని నడపకుండా ఎక్స్‌ఫెయిల్ ముద్ర వేసి, ఒక వార్నింగ్ చూపించి ముందుకెళ్ళేది. ఎక్స్‌ఫెయిల్ అంటే ఫెయిలవుతుందని ముందే తెలిసినది అని అర్థం, కాబట్టి సీఐ పచ్చగానే ఉంటుంది. 2025లో వచ్చిన 8.4లో గానీ అది ఖచ్చితమైన ఎర్రర్‌గా మారలేదు. మధ్యలో ఏళ్ళ తరబడి ఎన్ని ప్రాజెక్టుల్లో ఈ టెస్టులు నడవకుండానే పాసైనట్టు కూర్చున్నాయో!

వీటిని పారామెట్రైజ్‌లోకి (ఒకే టెస్టును జాబితాలోని ఒక్కో విలువకీ నడిపే పైటెస్ట్ పద్ధతి) మార్చాలి. ఒక్క మెలిక ఉంది. పారామెట్రైజ్‌కి ఇచ్చే జాబితా టెస్టులు మొదలయ్యే ముందే, వాటిని ఏరే దశలోనే సిద్ధంగా ఉండాలి. మీ ఈల్డ్ టెస్టు సెటప్‌లో తెరిచిన ఫైలు నుంచి స్టాపుల పేర్లు తీసుకుంటుంటే, ఆ సమయానికి ఆ ఫైలు ఇంకా తెరుచుకుని ఉండదు. చదివే పనిని మాడ్యూల్ పైభాగంలోకి తెచ్చుకోవాలి. ఇది ఆటోమేటిక్ టూల్స్ చేయలేని పని, చేత్తోనే చేయాలి.

తర్వాతిది సెటప్, టియర్‌డౌన్, అంటే టెస్టుకి ముందు చేసే ఏర్పాటు, తర్వాత చేసే శుభ్రం. టెస్ట్‌కేస్ నుంచి రాని మామూలు క్లాసుల్లో, అన్నీ చిన్న అక్షరాలతో ఉత్త సెటప్ అని రాసిన మెథడ్‌ను నోస్ ప్రతి టెస్టుకీ ముందు పిలుస్తుంది. నోస్ వాళ్ళ కోసమని పైటెస్ట్ కూడా చాలాకాలం పిలిచింది. 7.2లో డిప్రికేట్ చేసి (ముందుముందు తీసేస్తామని హెచ్చరించి), 2024 జనవరిలో వచ్చిన 8.0లో పూర్తిగా తీసేసింది. ఇప్పుడు పేరు సెటప్ అండర్‌స్కోర్ మెథడ్ అని ఉంటేనే పిలుస్తుంది. సెటప్ నడవకపోతే తెలిసిపోతుంది, ఎందుకంటే టెస్టుకి కావాల్సిన వేరియబుల్ దొరక్క పడిపోతుంది. టియర్‌డౌన్ నడవకపోతే తెలియదు. టెస్టు పాసవుతుంది, టెంపరరీ ఫైళ్ళు అలాగే మిగిలిపోతాయి, మార్చిన ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ మార్చినట్టే ఉండిపోతుంది. దాని దెబ్బ ఎక్కడో ఇంకో ఫైల్లోని టెస్టుకి తగులుతుంది, అదీ ఆర్డర్ మారిన రోజున. కాబట్టి నేరుగా కొత్త పైటెస్ట్ పెట్టొద్దు. ముందు 7.4 పెట్టి, డిప్రికేషన్ వార్నింగులన్నిటినీ ఎర్రర్లుగా మార్చి నడపండి. నోస్ తరహా సెటప్, టియర్‌డౌన్ ఎక్కడెక్కడ ఉన్నాయో ఆ వెర్షనే మీకు పేరుపేరునా చెబుతుంది. అవన్నీ పోయాక 8.4కి గానీ, ఆ తర్వాతిదానికి గానీ ఎక్కండి. అప్పుడు మిగిలిపోయిన ఈల్డ్ టెస్టులు కూడా దొరుకుతాయి. టెస్టుల ఫోల్డర్‌లోని ఇనిట్ ఫైల్లో సెటప్ ప్యాకేజ్ అనే ఫంక్షన్ ఉంటే దాన్ని పైటెస్ట్ ఏ వెర్షన్‌లోనూ గుర్తుపట్టదు. దాన్ని కాన్ఫ్‌టెస్ట్ ఫైల్లో (ఫోల్డర్‌లోని టెస్టులన్నిటి కోసం పైటెస్ట్ చదివే ఫైలు) ఆటోయూజ్ ఫిక్స్చర్‌గా, అంటే అడగకుండానే నడిచేదిగా రాసుకోవాలి.

ఇంతవరకూ టెస్టులు నడవకపోవడం గురించి. నడుస్తూనే కళ్ళు మసకబారే టెస్టులు కూడా ఉంటాయి. మీది మ్యాపు మీద బిందువులతో పని కాబట్టి, ఇది మిగతావాళ్ళ కంటే మీకే ఎక్కువ తగులుతుంది.

రెండు సంఖ్యలు దాదాపు సమానమా అని చూడడానికి నోస్‌లో మీరు అసర్ట్ ఆల్మోస్ట్ ఈక్వల్ వాడి ఉంటారు. ఏమీ చెప్పకపోతే అది 7 దశాంశ స్థానాల దాకా పోలుస్తుంది. దాన్ని మార్చేటప్పుడు అందరూ పైటెస్ట్ అప్రాక్స్ పెట్టేస్తారు, పేరు చూస్తే అదే పని అనిపిస్తుంది. కానీ అప్రాక్స్ మామూలుగా చూసేది సాపేక్ష తేడా, సంఖ్యలో పది లక్షల్లో ఒక వంతు. బెంగళూరు రేఖాంశం దాదాపు 77.59 డిగ్రీలు. అందులో పది లక్షల్లో ఒక వంతు అంటే 0.0000776 డిగ్రీలు. మన అక్షాంశం దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 108 కిలోమీటర్లు, కాబట్టి ఆ తేడా నేల మీద ఎనిమిది మీటర్ల పైమాటే. పాత టెస్టు ఒక సెంటీమీటరు తేడా వచ్చినా ఒప్పుకునేది కాదు. కొత్త టెస్టు స్టాపు రోడ్డుకి అవతలి వైపు పడినా పాస్ చేస్తుంది. సిల్క్ బోర్డు జంక్షన్ దగ్గర రోడ్డుకి ఇవతల ఎక్కాల్సిన బస్సు అవతల ఎక్కితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అప్రాక్స్‌కి యాబ్స్ అనే ఆర్గ్యుమెంట్ ఇచ్చి, తేడా ఎంతవరకు ఒప్పుకుంటారో మీరే డిగ్రీల్లో రాయండి. యాబ్స్ ఒక్కటే ఇస్తే సాపేక్ష తేడాను అది పట్టించుకోదు, మీకు కావాల్సిందీ అదే. ఆ లైన్లను టూల్‌కి వదలొద్దు, ఒక్కొక్కటీ కళ్ళతో చూడండి.

మిగతా అసర్ట్‌ల విషయంలో మాత్రం టూల్స్‌ని నమ్మొచ్చు. నోస్‌టుపైటెస్ట్ అనే టూల్ నోస్ వాళ్ళ అసర్ట్ ఫంక్షన్లను మామూలు అసర్ట్ స్టేట్‌మెంట్లుగా మారుస్తుంది. సెటప్‌లనీ ఈల్డ్‌లనీ ముట్టదు. దీన్ని కాదని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో మీరే మార్చబోతే ఒక గుంత ఉంది. పోలిక, మెసేజ్ రెండూ ఒకే బ్రాకెట్లో కామాతో ఉండిపోతే, పైథాన్ దృష్టిలో అది ఖాళీ కాని టపుల్ (విలువల గుంపు), అలాంటిదాన్ని అది ఎప్పుడూ నిజంగానే లెక్కేస్తుంది. ఆ అసర్ట్ ఎప్పటికీ ఫెయిలవదు. పైథాన్ సింటాక్స్ వార్నింగ్ ఇస్తుంది గానీ, వందల లైన్ల అవుట్‌పుట్‌లో దాన్ని చదివేదెవరు? ఇంకో చిన్న విషయం. ఫెయిలైనప్పుడు రెండు వైపుల విలువలనూ పైటెస్ట్ విప్పి చూపించేది టెస్టు ఫైళ్ళలోనూ కాన్ఫ్‌టెస్ట్‌లోనూ ఉన్న అసర్ట్‌లకే. మీరు విడిగా హెల్పర్ల ఫైలు పెట్టుకుని ఉంటే, దాన్ని రిజిస్టర్ అసర్ట్ రీరైట్‌తో నమోదు చేయాలి. లేకపోతే ఉత్త అసర్షన్ ఎర్రర్ అని వచ్చి ఊరుకుంటుంది, జనం "నోస్‌లోనే బాగుండేది" అంటారు.

ఒకేసారా, విడతలవారీగానా అన్నదానికి నా జవాబు: రన్నర్‌ని ఒకేసారి మార్చండి, కోడ్‌ని విడతలుగా మార్చండి. సీఐలో రెండు రన్నర్లు పక్కపక్కనే పెట్టుకుని ఏడాది గడిపే పద్ధతి నాకు నచ్చదు. కొత్త కాంట్రిబ్యూటర్ దేన్ని నమ్మాలి? పేర్ల డిఫ్ ఖాళీ అయ్యేదాకా మీ సొంత బ్రాంచ్‌లో రెండూ నడపండి. ఖాళీ అయిన రోజున మెయిన్‌లో పైటెస్ట్ ఒక్కటే ఉండాలి. టూల్ చేసిన మార్పులన్నీ ఒకే కమిట్‌గా పెట్టండి, అందులో చేత్తో చేసిన మార్పు ఒక్క లైన్ కూడా కలపొద్దు. ఆ కమిట్ నంబరును బ్లేమ్ ఇగ్నోర్ ఫైల్లో రాస్తే, గిట్ బ్లేమ్‌లో (ఏ లైను ఎవరు మార్చారో చూపించే కమాండ్) ప్రతి లైనుకీ మీ పేరే కనిపించే బెడద తప్పుతుంది. గిట్‌హబ్ కూడా ఆ ఫైలును పట్టించుకుంటుంది. చేత్తో చేసిన మార్పులు ఫైలుకి ఒక కమిట్ చొప్పున వేరుగా పెట్టండి. రివ్యూ చేయాల్సింది వాటినే.

ఈ పనిని గుడ్ ఫస్ట్ ఇష్యూలుగా (కొత్తవాళ్ళ కోసం పెట్టే చిన్న పనులు) ముక్కలు చేసి పంచమని మీకు చాలామంది సలహా ఇస్తారు. బెంగళూరులో మనుషులకు కొదవ లేదు. ఇక్కడి పైథాన్ బృందం బ్యాంగ్‌పైపర్స్ మీటప్‌లో ఒక మాట వేస్తే, పైకాన్ ఇండియా డెవ్‌స్ప్రింట్‌లో (కలిసి కూర్చుని ఓపెన్ సోర్స్ కోడ్ రాసే కార్యక్రమం) ఒక టేబుల్ వేస్తే పది మంది వచ్చి కూర్చుంటారు. అయినా నేను వద్దంటాను. పైన చెప్పిన తప్పులన్నీ పచ్చగా కనిపించే తప్పులే, కొత్తవాళ్ళు చేసినా తెలియదు, రివ్యూ చేసేవాళ్ళకీ దొరకవు. పది పుల్ రిక్వెస్టులు (కలుపుకోమని పంపే మార్పులు) రివ్యూ చేసే బదులు మీ ముగ్గురిలో ఇద్దరు రెండు మూడు శనివారాలు పక్కపక్కన కూర్చుంటే పని తెముల్తుంది. బెల్లందూరు నుంచి ఇందిరానగర్ చేరేలోపు మొదటి కమిట్ అయిపోతుంది, క్యాబ్‌లో లాప్‌టాప్ తెరిస్తే. కొత్తవాళ్ళకి ఇవ్వదగ్గ పని తర్వాత వస్తుంది. ఎక్కడ టెస్టులు లేవో అక్కడ పైటెస్ట్‌లో కొత్తవి రాయించండి.

మొదలుపెట్టే ముందు, తెరిచి ఉన్న పుల్ రిక్వెస్టుల సంగతి చూడండి. మెర్జ్ చేయగలిగినవి ముందే చేసేయండి. మిగతావాళ్ళకి ఫలానా తేదీ తర్వాత టెస్టు ఫైళ్ళు మారతాయని, రీబేస్ చేయడంలో, అంటే మారిన కోడ్ మీదికి తమ మార్పులు తెచ్చుకోవడంలో మేమే సాయపడతామని ఒక కామెంట్ పెట్టండి. ఎదురు చెబుతున్న మీ స్నేహితుడికి ఆ డిఫ్ చూసే పని అప్పగించండి. పాత టెస్టులు ఎందుకు అలా రాశారో తెలిసింది ఆయనకే అయి ఉంటుంది. ఏదైనా పేరు మాయమైతే ముందు పట్టుకునేదీ ఆయనే.

మీ లైబ్రరీలో టెస్టింగ్ అనే సబ్‌మాడ్యూల్ ఉండి, అందులో నోస్ డెకరేటర్లు (ఫంక్షన్ పైన తగిలించి దాని తీరు మార్చేవి) బయటివాళ్ళు వాడుకునేలా ఉంటే మాత్రం అది వేరే కథ. అది మీ పబ్లిక్ ఏపీఐ, ఒక్క రిలీజ్‌లో తీసేయడం కుదరదు. నమ్‌పై తన సొంత టెస్టులను 2018లోనే మార్చుకుంది. కానీ తన టెస్టింగ్ మాడ్యూల్లోని నోస్ కాలపు డెకరేటర్లను 2021లో, 1.21తో గానీ డిప్రికేట్ చేయలేదు. మీకు అంత గడువు అక్కర్లేదు గానీ, ఒక రిలీజ్ వార్నింగ్‌తో నడిపి, తర్వాతి దాంట్లో తీసేయండి.

అంతా అయ్యాక కూడా కోడ్ మీద నమ్మకం పెట్టుకోకుండా ఒక పరీక్ష చేయండి. కవరేజ్ శాతం (టెస్టులు నడిపిన కోడ్ లైన్ల వంతు) ముందూ తర్వాతా ఒకేలా ఉండడం సరిపోదు. పై అప్రాక్స్ కేసులో కవరేజ్ ఒక్క లైన్ కూడా తగ్గదు కదా. లైబ్రరీ కోడ్‌లోనే కావాలని తప్పులు పెట్టండి. అక్షాంశం, రేఖాంశం తారుమారు చేయండి. అర్ధరాత్రి దాటిన బస్సు టైమును మర్నాటికి బదులు అదే రోజుకి లెక్కేయండి. రూట్ల లూప్‌లో ఆఖరి స్టాపును వదిలేయండి. ప్రతి తప్పునీ పాత నోస్ డాకర్‌లోనూ కొత్త పైటెస్ట్‌లోనూ నడపండి. పాతది పట్టుకుని కొత్తది వదిలేసిందంటే, మీ మార్పిడిలో ఎక్కడో చిల్లు ఉన్నట్టే. ఆ డాకర్ ఇమేజ్‌ని అంతవరకూ పారేయొద్దు.

చివరి కమిట్‌లో తీసేయాల్సినవి మీరు అనుకున్నదానికంటే ఎక్కువ చోట్ల ఉంటాయి. సెటప్ డాట్ పీవైలో నోస్ కలెక్టర్ అనే లైను, సెటప్ డాట్ సీఎఫ్‌జీలో నోస్‌టెస్ట్స్ సెక్షన్, టాక్స్ (tox) ఫైలు, మేక్‌ఫైలు, రిక్వైర్‌మెంట్స్, కాంట్రిబ్యూటింగ్ గైడ్‌లోని ఆ పాత కమాండ్, అన్నీ వెతకండి. టెస్టులు ఎలా నడపాలో ఛేంజ్‌లాగ్‌లో రాయండి, ఎందుకంటే లినక్స్ డిస్ట్రోల ప్యాకేజర్లు మీ టెస్టులను వాళ్ళ దగ్గర నడుపుకుంటారు. ఫెడోరా అయితే నోస్‌ని ఫెడోరా 32లోనే, అంటే 2020లోనే డిప్రికేట్ చేసేసింది. రిపోలో నోస్ ఇంపోర్ట్ మళ్ళీ కనిపిస్తే ఫెయిలయ్యే ఒక గ్రెప్ (ఫైళ్ళలో మాట వెతికే కమాండ్) లైనును సీఐలో పెట్టండి. పాత బ్రాంచ్‌లు తెచ్చి రీబేస్ చేసేవాళ్ళు ఇంకో ఏడాది దాకా వస్తూనే ఉంటారు.